జీపు వెనక తెర

తాగి నడిపాడట! మళ్లీ అదే మాట. నిన్న సమితి ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను కూర్చోబెట్టి మావాళ్లు, జిల్లా దాటి ఇక్కడికీ పాకిన ఆ జీపు డ్రైవరు కథే చెప్తున్నారు. ఒకాయన లేచి తూలుతూ నడిచి చూపించాడు. ఇంకొకాయన పందిరి ఎలా కూలిందో రెండు చేతులతో చూపించాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను మాట్లాడుతున్న ఫోను ఠక్కున పెట్టేసి, "చాలు! ఇగ బంద్ చెయ్యుండ్రి" అని అరిచాను. "మేడంకు కోపం ముక్కు మీదనే ఉంటది" అని ఎవరో గొణిగారు.

ఉంటుంది. ఎందుకుండదు? ఆయన తాగలేదు. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన. రెండోది నేను. ఎందుకు తూలాడో మాత్రం నాకు ఒక్కదానికే తెలుసు. ఆయనకు కూడా తెలియదు. ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్నది అదే. అన్నం తింటున్నా, ఫోనులో జిల్లా ఆఫీసుతో పోట్లాడుతున్నా, స్టీరింగు ముందు కూర్చున్నా అది అక్కడే ఉంటుంది. అమ్మకు చెప్పలేదు. స్నేహితురాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

నేను హైదరాబాదు పిల్లను. సుల్తాన్ బజారులో పుట్టి, సైకిలు తొక్కినందుకు గల్లీ మొత్తంతో తిట్లు తిని, తిట్టినవాళ్లను తిరిగి తిట్టి పెరిగాను. చదువు అయ్యాక ఆదిలాబాదు జిల్లాలో, గోదావరికి దగ్గరున్న ఒక సమితిలో ముఖ్యసేవిక ఉద్యోగం వచ్చింది. ఊళ్లు తిరిగి ఆడవాళ్లను కూడగట్టడం, పిల్లలకు పాలపొడి పంచడం, పొగ లేని పొయ్యి ఎలా కట్టుకోవాలో చూపించడం నా పని. మట్టి పొయ్యికి వెనక గొట్టం పెడితే పొగ పైకి పోతుంది, వంటింట్లో నిలవదు. నేను ఊరూరా అరిచి చెప్పిన పాఠం అది. గుర్తుపెట్టుకోండి, ఈ పాఠంతో నాకు మళ్లీ పని పడుతుంది.

ఆఫీసులో నాకు రెండే ఇష్టం. ఒకటి ఫోను. పట్నం అలవాటు, చేతిలోంచి దిగేది కాదు. రెండోది జీపు.

జీపు నడిపేది ఖాసిం. యాభై దాటిన మనిషి. పోలీసు యాక్షన్‌కు ముందు నుంచే అడవిలో టేకు దుంగల లారీలు తోలినవాడు. అయిదు పూటలా నమాజు. కల్లు సంగతి అటుంచండి, హోటల్లో చాయ్ కూడా గ్లాసు తన కళ్ల ముందు కడిగితేనే తాగేవాడు. అందరి ముందు నన్ను "అమ్మా" అనేవాడు. ఇద్దరమే ఉంటే "బేటీ". నేను ఆయన్ను చిచ్చా, అంటే బాబాయి, అనేదాన్ని.

నేర్పమని నేనే వెంటపడ్డాను. మొదట ఒప్పుకోలేదు. సర్కారు బండి, ఇంకొకరి చేతికిస్తే తన నౌకరీ పోతుంది. ఎన్నో రోజులు బతిమాలాను, అలిగాను, చివరికి ఆయన మెత్తబడ్డాడు. బాసర దగ్గర గోదావరి ఒడ్డున, యాత్రికులు రాని వైపు, గట్టి ఇసుక మీద నేర్పాడు. ఆ ఇసుకలో నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా నడపగలరు. నాకు కంగారెక్కువ, కాలు క్లచ్చి మీదే ఉండిపోయేది.

"క్లచ్చి మీదికెళ్లి కాలు తియ్యి బేటీ. గది మీ అత్త కాదు, ఎప్పటికీ తొక్కి పెట్టనీకి!"

"నాకు అత్తే లేదు చిచ్చా."

"గందుకే ఇంత జోరు మీదున్నవు."

ఒక్క మాట మాత్రం తీసుకున్నాడు, ఎవ్వరికీ చెప్పొద్దని. నేనూ ఆయన దగ్గర అదే మాట తీసుకున్నాను. "నా నోట్లెకెళ్లి రాదు" అన్నాడు. ఆ మాట ఆయన ఎలా నిలబెట్టుకున్నాడో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. నేను ఎలా నిలబెట్టుకున్నానో కూడా.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

ఒక పెద్ద ఊళ్లో పొగ లేని పొయ్యిల ప్రదర్శన. జిల్లా నుంచి పై అధికారి వస్తున్నాడు. పందిరి వేశారు, ముందర వెదురు కమాను కట్టి మామిడాకులు కట్టారు. పొయ్యిలకు పెట్టే మట్టి గొట్టాలు కుమ్మరి దగ్గర తీసుకుని నేనూ ఖాసిం జీపులో బయలుదేరాం. పొద్దున సన్నటి వాన. జీపు పక్కలకు కాన్వాసు తెరలు కట్టేశాం. ముందు అద్దం ఎలాగూ మూసే ఉంది. వెనక కూడా ఒక తెర ఉంటుంది, మధ్యలో మైకా కిటికీతో. దాన్ని దించితే వెనకనుంచి లోపల ఎవరున్నారో కనిపించదు. పైకి చుట్టి పట్టీలు బిగిస్తే వెనక అంతా తెరిచిన కిటికీయే.

ఊరు దాటగానే నేను స్టీరింగు ముందుకు మారాను. ఖాసిం వెనక కూర్చున్నాడు, గొట్టాలు పగలకుండా ఒడిలో, కాళ్ల మధ్య పట్టుకుని. వెనక తెర దించబోయాడు.

"ఉండనీ చిచ్చా. దించకు."

"నన్ను జూస్తే నవ్వుతరు బేటీ. డ్రైవర్ ఎనుక సామాన్ల కూసున్నడు, ఆడివిల్ల బండి తోలుతున్నది అంటరు."

"అననీ. చూడనీ. అందుకే కదా!"

అందుకే. దాచను. నన్ను చూడాలి. బండి దాటిపోయాక కూడా, వెనకనుంచి కూడా, నా జడ, స్టీరింగు మీద నా చేతులు, సామాన్లలో కూర్చున్న మగమనిషి, అన్నీ కనిపించాలి. కనిపించాయి. పత్తిచేలలో కూలీలు నడుములెత్తి నిలబడి చూశారు. ఎడ్లబండి మీద ఒక ముసలాయన నోరు తెరిచి, పగ్గం వదిలేశాడు. ఒక ఊళ్లో బడి పిల్లలంతా బండి వెనక పడి, "ఆడామె తోలుతుందిరోయ్! ఆడామె!" అని అరుస్తూ పరుగెత్తారు. ఖాసిం రుమాలు మొహం మీదికి లాక్కున్నాడు. నేను హారన్ కొట్టాను, పెద్దగా, ఆపకుండా. ఆ సంతోషం ఎలా చెప్పను? అంతగా మళ్లీ ఎప్పుడూ గర్వపడలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఛాతీ పొంగుతుంది. పొంగడం తప్పా? నాకు తెలియదు.

దారిలో ఒక వాగు. నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ. గేరు మార్చి దింపాను, ఎక్కించాను. ఎక్కుతుంటే కింద ఏదో రాయికి గట్టిగా తగిలింది. ఆ తర్వాత ఇంజను చప్పుడు మారిపోయింది, గుర్రుగుర్రుమంటూ.

"ఏందో తాకింది బేటీ. జర ఆపు, చూస్త."

"ఆపను. ఆపితే మళ్ల నువ్వే తీసుకుంటవు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ చప్పుడు నచ్చింది. పులి గర్జించినట్టుందని మురిసిపోయాను. పులి కాదు. సైలెన్సరు గొట్టం పగిలిన చప్పుడు. పొగ వెనక్కి పోకుండా కిందనే ఊరుతోంది. ముందు మూసి, పక్కలు మూసి, వెనక బార్లా తెరిచి పరుగెత్తే బండి ఆ పొగను వెనకనుంచి లోపలికి లాక్కుంటుంది. చేతి సైగలకోసం నా పక్క తెర ఒక్కటి విప్పి పెట్టుకున్నాను. నా మొహానికి గాలి తగులుతూనే ఉంది. వెనక కూర్చున్నాయన పీల్చింది ఆ పొగే. తెర దించి ఉంటే అంత పొగ లోపలికి వచ్చేది కాదు. ఆయన సిగ్గుపడి దించబోయిన తెర అది.

ఆ సమయంలో నాకు ఇవేవీ తెలియవు. అది నా తప్పు కాదు. నా తప్పు తర్వాత వస్తుంది.

ఊరు కనిపించే ముందు మారిపోవాలని మా ఒప్పందం. రోడ్డు పక్క కల్లు గీసే ఈతవనం ఉంది, అక్కడ బండి ఆపాను. "చిచ్చా, దిగు." పలకలేదు. మళ్లీ పిలిస్తే దిగాడు. మొహం ఎర్రగా ఉంది. "తల పట్టేసినట్టున్నది" అన్నాడు. వానకు తడిసిందేమో అన్నాను. గొట్టాలన్నీ జాగ్రత్తగా నా చేతికిచ్చాడు, ఒక్కటి కూడా చిట్లలేదు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని, కొంగు సర్దుకుని, ప్రయాణం చేసి వచ్చిన ఆఫీసరమ్మలా మొహం పెట్టాను.

పందిరి ముందు జనం. డప్పులు. పై అధికారి అప్పుడే కుర్చీలో కూర్చున్నాడు. బండి వెదురు కమాను కిందనుంచి పోవాలి. పోలేదు. నేరుగా కమాను గుంజను గుద్దింది. కమాను పందిరి మీద పడింది, పందిరి ముందువరస కుర్చీల మీద పడింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఖాసిం దిగాడు. రెండడుగులు వేసి తూలాడు. మోకాళ్ల మీద కూర్చుని, అందరి ముందు, అధికారి బూట్ల పక్కన, కక్కుకున్నాడు.

"ఫుల్లుగ తాగిండు!" అని ఎవరో అరిచారు. అంతే. ఆ మాటకు తిరుగు లేకుండా పోయింది.

మరునాడే ఆయన్ను పనిలోనుంచి ఆపేశారు. విచారణ వారంలో అన్నారు. నేను కూడా తాగాడేమో అనుకున్నాను, నిజం చెప్తున్నాను. ఒక్క పూట, ఒక్కటే పూట, నాకు కూడా అనుమానం వచ్చింది. ఆ పూటకు కూడా సిగ్గుపడుతున్నాను.

విచారణకు రెండు రోజుల ముందు అదే జీపులో ఒక ఊరికి వెళ్లాం, అరువు డ్రైవరుతో. మళ్లీ వాన. ముందు సీట్లో బీడీవో. నన్ను వెనక కూర్చోమన్నారు. పక్క తెరలు కట్టేశారు, వెనక తెర ఎత్తే ఉంది. కొంతదూరం పోయేసరికి కణతలు కొట్టుకున్నాయి. నోట్లో నీళ్లూరాయి. దిగేసరికి తూలి బండిని పట్టుకున్నాను. "మేడంకు పట్నం పానం, ఎండకు ఓర్వదు" అని నవ్వారు. ఎండ ఎక్కడిది, వాన పడుతుంటే? నేను తూలితే ఎండ. ఆయన తూలితే కల్లు.

అప్పుడు చూశాను. జీపు వెనక పలకకు, లోపలి వైపు, నల్లగా మసి. నా తెల్లచీర వెనక అంతా మసి. అందరూ వెళ్లాక చీర కుచ్చిళ్లు దోపుకుని బండి కిందికి దూరాను. పగిలిన గొట్టం కనిపించింది. పొయ్యి గొట్టం సరిగా లేకుంటే పొగ ఇంట్లోకే వస్తుందని ఊరూరా అరిచింది నేనే కదా? ఇంకేం అర్థం కావాలి? బురదలో అలాగే పడుకుని ఉండిపోయాను. చిచ్చా తాగలేదు. నేను ఆయనకు పొగ తాగించాను.

ఆఫీసుకు పోయి ఫోను ఎత్తాను. జిల్లా ఆఫీసుకు ట్రంకు కాల్ అడిగాను. చెప్పేస్తాను అనుకున్నాను. చెప్పాలంటే మొదటి మాట, బండి నేను నడిపాను. రెండో మాట, వాగులో తగిలాక ఆయన ఆపమంటే ఆపలేదు. మూడో మాట, నలుగురూ నన్ను చూడాలని తెర ఎత్తి పెట్టాను. నా ఉద్యోగం పోతుంది. అది కాదు, అంతకంటే... "ఆడదానికి బండి ఇస్తే ఇట్లనే అయితది" అంటారు. ఆ మాట వినలేను. నేను బాగా నడిపాను! వాగు దాటించాను! ఆ ఒక్క మాట పడకూడదని... లైను కలిసింది. "మాట్లాడండి" అంది ఆపరేటరు. అవతల గుమాస్తా "హలో, హలో" అంటున్నాడు. పాలపొడి డబ్బాలు ఎప్పుడు పంపుతారని అడిగి ఫోను పెట్టేశాను.

విచారణలో నన్ను అడిగినవి నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇతను బండి దిగినప్పుడు తూలిండా?"

"తూలిండు సార్."

"తొవ్వల బండి ఎక్కడన్న ఆగిందా?"

"ఆగింది."

"ఎక్కడ?"

"ఈదుల కాడ."

ఈదులంటే ఈత చెట్లు, కల్లు దొరికే చోటు. గదంతా గొల్లున నవ్వింది. అధికారి ఖాసిం వైపు తిరిగాడు.

"ఈదుల కాడ ఎందుకు ఆపినవ్?"

ఖాసిం నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను అడిగిన మాట నిలబెట్టుకోవాలా, వద్దా అని అడుగుతున్నట్టు చూశాడు. నేను తల వంచుకున్నాను.

"బండి గరమైంది హుజూర్. నీళ్లు పోయనీకి ఆపిన."

"ఈదుల్ల నీళ్లు దొరుకుతయా, ఇంకేమన్న దొరుకుతదా?"

మళ్లీ నవ్వులు. "నేను తాగలే హుజూర్. గంతే" అన్నాడు ఖాసిం. తాగి నడిపాడని రాసి ఆయన్ను పనిలోనుంచి తీసేశారు.

నేను చెప్పినవన్నీ నిజాలే. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఒక మనిషిని ముంచడానికి అబద్ధం ఆడక్కర్లేదని ఆ రోజు తెలిసింది. బండి ఇచ్చాడని తెలిసినా ఆయన నౌకరీ పోయేదే కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పోయేదేమో. తాగుబోతు అనే పేరు మాత్రం వచ్చేది కాదు. ఆ తేడా నాకు తెలియదా? బాగా తెలుసు.

ఆ తర్వాత నేను దొంగచాటుగా నడపలేదు. లైసెన్సు తీసుకున్నాను. బదిలీ మీద బదిలీ, పోట్లాట మీద పోట్లాట, చివరికి నా పనికి జీపు నేనే నడుపుకునే అనుమతి రాయించుకున్నాను. ఇప్పుడు ఇటువైపు సర్కారు జీపు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. దొంగ వినయం నాకు చేతకాదు, బాగా నడుపుతాను.

కిందటేడు కరీంనగర్‌లో టైరు గాలి తగ్గితే బస్టాండు దగ్గర ఒక సైకిల్ షాపు ముందు ఆపాను. గాలి పంపు పట్టుకుని వచ్చింది ఖాసిం. గడ్డం పూర్తిగా నెరిసింది. అల్లుడి షాపట. నన్ను చూశాడు, స్టీరింగు చూశాడు, మొహం వెలిగిపోయింది. లోపలున్న అల్లుడిని కేకేసి, "ఇటు రా! చూడు! గీమెకు నేర్పింది నేనే!" అన్నాడు. బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తట్టి చూశాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు.

నేను తాళం ఆయన చేతిలో పెట్టాను. "ఒక్కసారి తిప్పి రా చిచ్చా, చౌరస్తా దాకా."

తాళం నిప్పు ముట్టుకున్నట్టు వదిలేశాడు.

"వద్దు బేటీ. ఆ దినం నుంచి ఏ బండీ ముట్టలే. లారీలోళ్లు వచ్చి పిలిచిండ్రు, పోలే. ఆ దినం నా తల తిరిగింది. తాగి తిరిగితే తాగుడు బంద్ జేస్తే అయిపోతుండె. తాగకుండనే తిరిగింది. గదే నాకు భయం. మళ్ల ఎప్పుడు తిరుగుతదో ఎవరికి ఎరుక? మనుషుల పానాలు నా చేతుల పెట్టుకోను."

విన్నారా? ఉద్యోగం, పరువు, అవి నేను లెక్క వేసుకునే ఉన్నాను. ఇది నా లెక్కలో లేదు. దుంగల లారీలను అడవి ఘాట్లలో దింపిన మనిషి తన తలను తానే నమ్మలేక సైకిళ్లకు గాలి కొడుతున్నాడు. ఆయన భయానికి మందు నా నోట్లోనే ఉంది. "నీ తలకేం కాలేదు చిచ్చా, అది పొగ" అంటే చాలు. అనలేకపోయాను. ఎందుకంటే ఆయన వెంటనే అడిగేవాడు, నీకెప్పుడు తెలిసింది బేటీ, అని. విచారణకు ముందే తెలుసు అని చెప్పాలి. "టైమయింది చిచ్చా" అన్నాను. ఆయన గాలికి డబ్బులు తీసుకోలేదు. వెనక తెర ఎత్తి ఉంటే చేత్తో దించి పట్టీలు బిగించి, "దుమ్ము వస్తది" అన్నాడు.

కోపమొస్తే ఊరంతా వినేలా అరిచేదాన్ని. ఆ ఒక్క మాట దగ్గర నా గొంతు ఎందుకు పెగల్లేదు? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నా అహంకారం తప్ప వేరే జవాబు దొరకదు.

అందుకే ఇక్కడ, అందరూ చదివేలా రాసి చెప్తున్నాను. చిచ్చా, నీకు ఉర్దూ తప్ప చదవడం రాదు, మీ అల్లుడు చదివి వినిపించనీ. నీ తల బాగుంది. ఎప్పుడూ బాగుంది. సైలెన్సరు పగలగొట్టింది నేను, తెర ఎత్తి పెట్టింది నేను, తెలిసీ నోరు మూసుకున్నది నేను. క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తానన్నా తీసుకునే మొహం నాకు లేదు. చెప్పాను, అంతే. రాసి పెట్టాక చెయ్యి కొంచెం తేలికయింది. ఆ తేలిక కూడా నాది కాదేమో.

జీపు నడిపినందుకు మాత్రం సిగ్గుపడను. రేపు ఆఫీసులో ఆ కథ మళ్లీ మొదలైతే ఈసారి నేనే చెప్తాను, మొదటినుంచి, నా పేరుతో, తూలడం ఎలాగో నేనే నడిచి చూపిస్తూ. ఆ జిల్లా రోడ్ల మీద ఖాసిం అంతటి డ్రైవరు మరొకడు లేడు. ఆయన నేర్పిన నాకంటే బాగా ఆ వాగు దాటించేవాళ్లూ లేరు. కాదనేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?